ఇంటి సాళ్లు

జయరావు గాడా గుడ్డను బల్ల మీద పరిచి, నాలుగు మూలలా ఇటుకలు పెట్టి, గంజి పట్టించడం మొదలుపెట్టాడు. గుడ్డ బ్యానరు రాసి పన్నెండేళ్లయింది. చెయ్యి మరిచిపోయి ఉంటుందేమోనని పొద్దున్నించీ గుబులుగానే ఉంది. గంజిలో ముంచిన పీలిక పట్టుకోగానే చెయ్యి దానంతట అదే ఎడమ నుంచి కుడికి, మళ్లీ కింద నుంచి పైకి పోయింది. చేతికేమీ మరుపు లేదు. మరిచిపోయింది సత్తెనపల్లి ఊరే. ఫ్లెక్సీలొచ్చాక జయరావుకి మిగిలినవి ట్రాక్టరు ట్రక్కుల మీద నంబర్లు, సమాధుల మీద పేర్లు.

గుడ్డ ఆరాక సుద్ద రాసిన దారాన్ని రెండు కొసలా బిగించి, మధ్యలో పట్టి లాగి వదిలాడు. తెల్లటి గీత పడింది. ఆ గీత కింద జానెడు ఎత్తు అక్షరాలు రాయాలి. రంగు డబ్బాలో ఎర్రమట్టి జాజు, తుమ్మబంక, నీళ్లు. ఎనామిల్ వద్దని గుంటూరు నుంచి వచ్చిన శిల్ప మరీ మరీ చెప్పింది. ఇంటి గడపకి రాసే జాజు ఉంది కదమ్మా అని తనే గుర్తుచేశాడు. ఆ మాటకి ఆ అమ్మాయి ఎంత సంబరపడిందో, జయరావుకి నవ్వొచ్చింది. బజార్లో ఎప్పటినుంచో ఉన్న జాజుని ఈ పిల్ల ఈరోజే కనిపెట్టినట్టుంది.

శిల్ప ఒక స్వచ్ఛంద సంస్థలో పని చేస్తుంది. మందులు కొట్టకుండా పంటలు పండించమని రైతులకు చెప్పడానికి ఆ సంస్థ పది ఊళ్లలో పండుగలు పెడుతోంది. ప్లాస్టిక్ ఉండకూడదు, ఫ్లెక్సీ ఉండకూడదు, అన్నం అరిటాకులో పెట్టాలి, కూరలు వడ్డించుకోవడానికి ఎవరి గిన్నె వాళ్లే తెచ్చుకోవాలి. మొదటి పండుగ ఆదివారం, రావులమెట్ట హైస్కూలు ఆవరణలో. ఇది బాగా జరిగితే మిగతా తొమ్మిది ఊళ్ల బ్యానర్లూ జయరావువే. ఆ మాట విన్నప్పటినుంచీ ఆయన బ్రష్షులు మూడుసార్లు కడిగాడు.

శిల్ప మధ్యాహ్నానికి వచ్చి, రాసిన మొదటి బ్యానరు ముందు నిలబడింది. "పచ్చ పండుగ" అని పైన పెద్ద అక్షరాలు. దాని కింద చిన్నగా తేదీ, చోటు. అన్నిటికన్నా కింద "ఎవరి గిన్నె వారే తెచ్చుకోవాలి".

"చాలా బావుంది అంకుల్. కానీ రెండు మాటల మధ్య ఇంత ఖాళీ ఎందుకు?"

"దూరం నుంచి చూసేవాళ్లకి కలిసిపోకుండా అమ్మా. మా చేతి లెక్కది. మాటకీ మాటకీ మధ్య జానెడు." జయరావు బ్రష్షు అంచున నిలిచిన చుక్కని డబ్బా మూతికి తుడిచాడు. "ఖాళీ సంగతి అట్టుంచు. ఈ పచ్చ అనే మాటే..."

"స్పెల్లింగ్ తప్పా?"

"స్పెల్లింగు కాదు. మా పక్క పచ్చ అంటే పసుపు. పసుపంటే పార్టీ జెండా. రావులమెట్టలో తూర్పు బజారోళ్లకి అది ప్రాణం. పడమటి బజారోళ్లకి కంట్లో కారం. సగం ఊరు రారమ్మా."

శిల్ప నవ్వింది. "పచ్చ అంటే గ్రీన్ అంకుల్! పచ్చని చెట్టు, పచ్చని చేను. అంచు కూడా ఆకుపచ్చే వేయిస్తున్నాం కదా."

"చదివేవాళ్లు అంచు చూడరు."

"పేరు మా డైరెక్టర్ దుర్గాప్రసాద్ గారు పెట్టారు. కమిటీలో ఓకే అయిపోయింది. ఇచ్చింది ఇచ్చినట్టు రాసెయ్యండి, ప్లీజ్."

ఇచ్చింది ఇచ్చినట్టు రాయడమే జయరావు బతుకంతా చేసిన పని. మిగతా ఐదు బ్యానర్లూ రాసేసి, ఎండలో ఆరేసి, మడత పడకుండా వెదురు కర్రకి చుట్టాడు.

*

గురువారం పొద్దున్నే మోపెడ్ మీద రావులమెట్ట వెళ్లి బ్యానర్లు కట్టాడు. ఊళ్లో మిరప కోతలు జోరు మీదున్నాయి. కల్లాలన్నీ ఎర్రగా పరుచుకుని ఉన్నాయి. గాలి వీచినప్పుడల్లా దగ్గొస్తుంది, ఊరివాళ్లకి తప్ప.

పడమటి బజారు మొదట్లో రెండు కరెంటు స్తంభాల మధ్య తాడు బిగిస్తుంటే, పక్క కల్లంలోంచి చలమయ్య అరుపు వినిపించింది. ఆయనకి నాలుగెకరాల మిరప. పడమటి బజారులో ఆయన మాటకి ఎదురుండదు. శిల్ప చేతిలో కాగితాలతో ఆయన ముందు నిలబడి ఉంది. ఇంటింటికీ తిరిగి ప్రశ్నలు అడుగుతోంది.

"పండుగకు హాజరు కావాలనే ఆసక్తి మీకు ఎంత ఉంది? చాలా ఎక్కువ, ఓ మోస్తరు, చెప్పలేను, తక్కువ, అసలు లేదు..."

"ఇదెవరి పండగమ్మా?"

"అందరిదీ అండి."

"అందరిదీ అయితే ఆ పేరెందుకు?" చలమయ్య గడ్డపారలాంటి వేలితో బ్యానరు చూపించాడు. "మా బజారోళ్లందరికీ కలిపి ఐదోది వేసుకో. రాసుకో, అసలు లేదు."

"పేరు సంగతి వదిలేయండి పెదనాన్న గారూ. మందులు లేకుండా మిరప ఎలా పండించొచ్చో చెప్తాం, ఒక్కసారి వచ్చి వినండి."

"మందు లేకుండా మిరపా?" చలమయ్య చుట్టూ ఉన్నవాళ్ల వంక చూసి నవ్వాడు. "తామరపురుగు పడితే వారం తిరక్కుండా చేను మాడిపోద్ది. మా తాత దిగొచ్చినా మందు లేకుండా కాయ రాదు. నువ్వెప్పుడన్నా మిరప మొక్క నాటావా అమ్మా?"

శిల్ప ముఖం ఎర్రబడింది. లేదండి అంది. ఆ లేదండి అన్న తీరు జయరావుకి నచ్చింది. అబద్ధం చెప్పలేదు.

తూర్పు బజారులో మర్యాదకి లోటు లేదు. అదే అసలు తంటా అయింది. అక్కడ అందరూ ఒకటోదే వేసుకోమన్నారు. చాలా ఎక్కువ. "మన పండగే గదమ్మా! జెండాలు మేం తెచ్చుకుంటాం. డప్పులు కూడా మాట్లాడమంటావా?" అన్నారు. శిల్పకి చెమటలు పట్టాయి. తిరిగి బస్సెక్కేముందు జయరావు దగ్గరకొచ్చి, "మీరు చెప్పారు అంకుల్," అని మాత్రం అంది.

*

శుక్రవారం మధ్యాహ్నం హయాత్ వచ్చాడు. ఒకప్పుడు జయరావు దగ్గరే గుండ్రంగా "అ" రాయడం నేర్చుకున్నవాడు. ఇప్పుడు బస్టాండు ఎదురుగా ఫ్లెక్సీ షాపు పెట్టుకున్నాడు. నలభై దాటినా జయరావు ముందు ఇంకా కుర్చీలో కూర్చోడు.

"గురువు గారూ, రావులమెట్టలో ఒక బ్యానరు పీకేశారంట."

"తెలుసు. ఫోనొచ్చింది."

"ఇంకోటి ఉంది," అన్నాడు హయాత్. "ఆ దుర్గాప్రసాద్ గారు నాకు ఫోన్ చేశారు. గుడ్డ బ్యానర్లకి లుక్ లేదంట. అందుకే జనం పట్టించుకోవట్లేదంట. మిగతా తొమ్మిది ఊళ్లకీ ఎకో ఫ్లెక్సు అని ఏదో వచ్చింది, అది వేసిమ్మన్నారు."

జయరావు చేతిలోని బ్రష్షు కింద పెట్టాడు. "పేరు వాళ్లు పెట్టారు. వద్దన్నా వినలేదు. తప్పు గుడ్డదీ నాదీనా?"

"నేను కాదంటే ఇంకొకడు వేస్తాడు గురువు గారూ."

"నిన్నేమంటానురా. నీ కడుపు నువ్వు చూసుకోవాలి."

"మిషను రిపేరని సోమవారం దాకా ఆపుతా. అంతకంటే నా వల్ల కాదు." హయాత్ గుమ్మం దాకా వెళ్లి వెనక్కి తిరిగాడు. "అక్షరాలు మాత్రం చూశాను. ఆ 'డు' కొమ్ము మీరు తప్ప ఎవరూ తిప్పలేరు."

ఆ మెచ్చుకోలు ఆ పూట జయరావుకి అన్నంలా లోపలికి పోలేదు. బల్ల మీద మిగిలిన గాడా గుడ్డ తాను వంక చూస్తూ కూర్చున్నాడు. అరవైకి దగ్గరపడిన మనిషి మళ్లీ సమాధుల మీద పేర్లు రాసుకోవడానికి సిద్ధపడాలి. చచ్చినవాళ్లు తప్ప ఎవరూ తన అక్షరం కోరుకోరా అనిపించి కళ్లు చెమర్చాయి.

*

శనివారం రావులమెట్ట వెళ్లాడు. పీకేసిన బ్యానరైనా తెచ్చుకుందామని. మంచి గుడ్డ, తన రాత, దాన్ని కాలవలో పారేయనివ్వడం ఇష్టం లేకపోయింది.

బ్యానరు కాలవలో లేదు. చలమయ్య కల్లంలో, చక్కగా మడతపెట్టి, గోతాల మీద ఉంది. చలమయ్య భార్య మల్లేశ్వరి కాయలు తిరగేస్తున్నదల్లా లేచి వచ్చింది.

"మా ఆయనే పీకాడన్నా. ఏమనుకోమాక. గుడ్డ శుభ్రంగా ఉందని నేను తీసి దాచా."

"నేనేమనుకుంటానమ్మా. గుడ్డ ఇచ్చావు, చాలు."

"ఎండన పడి వచ్చావు. రెండు ముద్దలు తినిపో. ఆయన మిర్చి యార్డుకెళ్లాడు, సాయంత్రానికి గానీ రాడు."

కల్లం పందిరి కింద కూర్చోబెట్టి స్టీలు పళ్లెంలో అన్నం పెట్టింది. చిన్న జాడీలోంచి పండుమిర్చి పచ్చడి తీసి పక్కన వేసింది. జయరావు మొదటి ముద్ద కలిపి నోట్లో పెట్టుకున్నాడు. కారం నాలుక అంచుకి తగిలి, వెంటనే చింతపండు పులుపు అందుకుంది. రెండో ముద్దకి చెవులు వేడెక్కాయి. మూడో ముద్దకి ఇంకొంచెం వెయ్యమన్నాడు.

"ఇంత కారం తిన్నా కడుపులో మంట లేదేందమ్మా?"

"అది యార్డుకి పోయే కాయ కాదన్నా. ఇంటి సాళ్ల కాయ."

"ఇంటి సాళ్లంటే?"

"బావి పక్కన నాలుగు సాళ్లు వేరేగా ఉంచుకుంటాం. వాటికి మందు కొట్టం. పొద్దున్నే నేను పోయి ఆకులు తిప్పి పురుగు తీస్తా, వేపకషాయం చల్లుతా. ఊళ్లో ఎవరింట్లో చూసినా ఉంటాయి. మందు కొట్టిన కాయతో పచ్చడి ఎవరు పెట్టుకుంటారు?"

జయరావు చెయ్యి పళ్లెంలోనే ఆగింది. "మొన్న బావ ఆ అమ్మాయితో మందు లేకుండా కాయే రాదన్నాడే?"

"అది అమ్మే కాయ సంగతి," అంది మల్లేశ్వరి. ఆ మాటలో దాపరికం లేదు, కల్మషం లేదు. నీళ్ల చెంబు దగ్గరకి జరిపింది.

అమ్మే కాయ వేరు, తినే కాయ వేరు. ఊరంతటికీ తెలిసిన సంగతే. గుంటూరు నుంచి కాగితాలు పట్టుకుని వచ్చిన పిల్లకి మాత్రం ఒక్కరూ చెప్పలేదు. ఆ పిల్ల ప్రశ్నల్లో ఇది లేదు మరి. జయరావుకి తన మీదే కోపమొచ్చింది, ఎందుకో తెలియదు. తనూ జీవితమంతా యార్డు కాయే కొనుక్కుని తిన్నాడు.

చెయ్యి కడుక్కుని, బ్యానరు చిరిగిందేమో చూసుకుందామని నేల మీద విప్పాడు. పచ్చ. జానెడు ఖాళీ. పండుగ. నోట్లో ఇంకా పచ్చడి రుచి ఉంది. ఆయన ఆ ఖాళీ వంక అట్లాగే చూస్తూ ఉండిపోయాడు.

"ఏందన్నా, ఏమైంది?"

"జాజు డబ్బా మోపెడ్ పెట్టెలో ఉంది. కాసిని నీళ్లియ్యమ్మా."

"పండుగ"లోని "డు" మీద పల్చటి కాగితం పెట్టి "డ" ఒక్కదాన్నే దించుకున్నాడు. దాన్ని ఖాళీలో ఆనించి, సుద్దతో చుట్టూ గీశాడు. కొమ్ము బదులు పైన గుడి పెట్టాడు. చోటు సరిగ్గా సరిపోయింది. బ్రష్షు ముంచి ఊపిరి బిగబట్టి తిప్పాడు. చేతికి తెలుసు తనేం చేస్తున్నాడో. సంస్థవాళ్లని అడగలేదు. అడిగితే కమిటీ అంటారు. ఇది వాళ్లకి నచ్చకపోతే తొమ్మిది ఊళ్లే కాదు, రాసిన ఆరు బ్యానర్లకీ మాట పడాలి.

మల్లేశ్వరి కొంగుతో చెయ్యి తుడుచుకుంటూ వచ్చి, పెదాలు కదుపుతూ చదివింది. "పచ్చడి పండుగ." మళ్లీ కిందికి చూసింది. "ఎవరి గిన్నె వారే తెచ్చుకోవాలి." పడీ పడీ నవ్వింది. "అంటే ఎవరి పచ్చడి వాళ్లు తేవాలనా?"

జయరావు ఆ కింది వరస సంగతే మరిచిపోయాడు. "అంతేగా మరి," అన్నాడు.

"తూర్పు బజారు బిందుమాధవి తన గోంగూరకి లోకంలో సాటి లేదనుకుంటది. రేపు తేల్చేస్తా."

సాయంత్రం దాకా స్టూలు వేసుకుని మిగతా ఐదు బ్యానర్లకీ "డి" పెట్టాడు. కింద నిలబడి చూసినవాళ్లు ఒక్కొక్కరే నవ్వుకుంటూ పోయారు. పడమటి బజారు బ్యానరు మళ్లీ కడుతుంటే ఆపడానికి ఎవరూ రాలేదు. పచ్చడికి పార్టీ లేదు.

*

ఆదివారం పది గంటలకి దుర్గాప్రసాద్ గారు, శిల్ప కార్లో వచ్చేసరికి హైస్కూలు గేటు దగ్గర జనం కిక్కిరిసి ఉన్నారు. జాడీలు, గాజు సీసాలు, స్టీలు క్యారియర్లు, ఒకావిడ అయితే ఏకంగా మూత గుడ్డ కట్టిన పెద్ద జాడీ నడుమున పెట్టుకుని వచ్చింది. దుర్గాప్రసాద్ గారు కారు దిగి బ్యానరు చదివారు. కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ చదివారు.

"ఎవరు చేశారిది?"

జయరావు ముందుకొచ్చాడు. చేతులు వెనక్కి పెట్టుకున్నాడు, వేళ్లకి ఇంకా జాజు ఉంది.

"ఎవరిని అడిగి మార్చారు అంకుల్?" అంది శిల్ప. కోపం కంటే భయమే ఎక్కువుంది ఆ గొంతులో.

"అడిగితే వద్దంటారని అడగలేదమ్మా."

"ఒక సంస్థ కార్యక్రమం పేరు మార్చడమంటే ఏంటో తెలుసా మీకు?" అన్నారు దుర్గాప్రసాద్ గారు.

"మార్చలేదండి. కలిపానంతే. మీ అక్షరం ఒక్కటి కూడా తీయలేదు."

ఆయన ఇంకేదో అనబోయేలోపు మల్లేశ్వరి వచ్చి చేతిలో అరిటాకు ముక్క పెట్టింది. దాని మీద వేడన్నం, పచ్చడి, నెయ్యి. పెద్దమనిషి, కాదనలేక నోట్లో పెట్టుకున్నారు. కాసేపటికి ముక్కు, కళ్లు, చెవులు అన్నీ ఎర్రబడ్డాయి. నీళ్లు తాగి, మాట్లాడే ఓపిక లేక ఆకు మళ్లీ చాపారు. చుట్టూ ఉన్న ఆడవాళ్లు గొల్లున నవ్వారు.

మొదట రెండు బజార్లవాళ్లూ మైదానంలో చెరో పక్క కూర్చున్నారు. మధ్యలో నాలుగడుగుల ఖాళీ. బిందుమాధవి గోంగూర జాడీ పట్టుకుని ఆ ఖాళీ దాటి వచ్చి మల్లేశ్వరి ముందు పెట్టింది. "తిని చెప్పవే, చూద్దాం!" అంది. ఆ తర్వాత ఎవరు ఎటు కూర్చున్నారో ఎవరూ పట్టించుకోలేదు.

శిల్ప జాడీ జాడీకీ తిరిగింది. జయరావు వెనకాల నడుస్తూ, చెవి దగ్గర ఒక్కటే మాట అన్నాడు. "కాయ ఎక్కడిదో అడగమ్మా."

"ఇది ఏ చేనిదండి?" అని అడిగింది మొదటావిడని.

"ఇంటి సాళ్లదమ్మా."

రెండో ఆవిడా అదే మాట. మూడో ఆవిడా. మిరప ఉన్న జాడీలు ముప్పై ఏడు. ముప్పై ఏడూ ఇంటి సాళ్లవే. శిల్ప మొదట్లో కాగితం మీద గీతలు గీసుకుంది. సగానికొచ్చేసరికి గీయడం మానేసి, వాళ్ల పక్కనే నేల మీద కూర్చుండిపోయింది. ఎన్ని సాళ్లు, ఏం చల్లుతారు, ఎప్పుడు చల్లుతారు అని అడుగుతూ పోయింది. నేర్పుదామని వచ్చిన పిల్ల నేర్చుకుంటోంది. ఆ ముఖం చూసి జయరావుకి కడుపు నిండింది.

చలమయ్య దూరంగా కుళాయి దగ్గర నిలబడ్డాడు. శిల్ప లేచి ఆయన దగ్గరకెళ్లింది. గట్టిగా అడిగితే నలుగురిలో ఆయన తల తీసేసినట్టే. ఆ పిల్ల మెల్లగా అడిగింది.

"పెదనాన్న గారూ, మీ నాలుగు సాళ్లకీ తామరపురుగు రాదా?"

చలమయ్య కండువా భుజం మార్చుకున్నాడు. "వస్తది. ఎందుకు రాదు. నాలుగు సాళ్లంటే పొద్దున్నే ఆడమనిషి ఆకు ఆకూ తిప్పి చూస్తదమ్మా. కాపు సగమే వస్తది, ఇంటికేగా అని సరిపెట్టుకుంటాం. నాలుగెకరాలకి ఎవరు తిప్పుతారు? సగం కాపుతో ఏం తింటాం?"

"నాకు తెలీదండి," అంది శిల్ప. "కనుక్కుందాం."

"నాలుగు నలభై అయితే నేను చూడలేనా?" మల్లేశ్వరి ఎప్పుడొచ్చిందో, ఖాళీ అయిన జాడీ చంకలో పెట్టుకుని మొగుడి వెనక నిలబడి ఉంది. "పక్కింటి వదిన కూడా వస్తానంటంది. మనం తినేదాన్నే కొనుక్కునేవాళ్లకి పెడితే పాపమా?"

చలమయ్య భార్య వంక, జాడీ వంక, దూరంగా కన్నీళ్లు తుడుచుకుంటూ మూడోసారి వడ్డించుకుంటున్న దుర్గాప్రసాద్ గారి వంక చూశాడు. అవునని అనలేదు. కాదని కూడా అనలేదు. ఆయన నోట కాదు అనే మాట రాకపోవడం రావులమెట్టలో చిన్న సంగతి కాదు.

*

సోమవారం పొద్దున్నే హయాత్ ఫోన్ చేశాడు. "గురువు గారూ, నా ఫ్లెక్సీ ఆర్డరు పోయింది!" అన్నాడు, లాటరీ తగిలినంత సంతోషంగా. "మిషను బాగుచేయించుకోమన్నారు, తొందరేం లేదంట."

ఆ వెంటనే శిల్ప ఫోన్. వచ్చే వారం పండుగ పొన్నూరు పక్కన వరి పండే ఊళ్లో.

"ఏం రాయమంటావమ్మా?"

"ఇంకా తెలీదు అంకుల్. ముందు ఊరికి వెళ్దాం. మీరూ రండి. వాళ్లింట్లో ఏం తింటున్నారో చూశాక పేరు పెడదాం."

జయరావు ఫోన్ జేబులో పెట్టుకుని, గాడా గుడ్డ తాను విప్పి గజాలు కొలిచాడు. తొమ్మిది ఊళ్లకి చాలదు. ఇంకో తాను తేవాలి.

గురువారం చలమయ్యే స్వయంగా సత్తెనపల్లి వచ్చాడు. చంకలో ఒక రేకు ముక్క. దాన్ని బల్ల మీద పెట్టి, చేతులు నలుపుకున్నాడు.

"ఈసారి మొక్క నాటాక చేలో పాతాలి జయరావూ. పక్క చేలోళ్లు మందు కొట్టేటప్పుడు ఇటు పడకుండా చూసుకుంటారని."

"ఏం రాయమంటావు బావా?"

"ఇంటి సాళ్లు అని రాయి. పైన అంకె వెయ్యి. నలభై." జయరావు రంగు డబ్బా మూత తీస్తుంటే చలమయ్య చెయ్యి అడ్డం పెట్టాడు. "ఆగు. ఇంటి సాళ్లని రంగుతో రాయి. అంకె మాత్రం సుద్దతో రాయి."

"సుద్దయితే వానకి పోద్ది బావా."

"పోనీ," అన్నాడు చలమయ్య. "వచ్చే ఏడు అంకె మార్చుకోవాలిగా."

జయరావు దారానికి సుద్ద రాసి, రేకు మీద బిగించి, లాగి వదిలాడు.